చుక్క చుక్కకో లెక్క!

ముడిచమురు ధర పెరిగితే పెట్రోలు ధర పెరుగుతుంది. మరి తగ్గితే..? కిటుకంతా అక్కడే ఉంది. బంకులో మనమిచ్చే ప్రతి రూపాయీ ఎవరెవరి చేతుల్లోకి వెళుతోంది? అందులో మనం మిగుల్చుకోగలిగింది ఎంత?

కూరగాయల బండి దగ్గర అరకిలో వంకాయలకు అయిదు రూపాయలు తగ్గించమని బేరమాడతాం. చీర కొనాలంటే నాలుగు దుకాణాలు తిరుగుతాం. ఆటో ఎక్కేముందు 'ఎంత తీసుకుంటావు బాబూ' అని అడిగి మరీ పది తగ్గించి చెబుతాం. నెలకు వేల రూపాయలు పోసే పెట్రోలు బంకు దగ్గర మాత్రం నోరెత్తం. బోర్డు మీద ఎంతుంటే అంత. 'రెండొందలకు కొట్టు' అని నోటు చేతిలో పెట్టి మీటరు వంక చూస్తూ నిలబడతాం. ఒకప్పుడు ఆ రెండొందలకు స్కూటరు ట్యాంకు సగానికిపైగా నిండేది. ఇప్పుడు ముల్లు ఎర్రగీత మీంచి కాస్త కదిలి ఆగిపోతుంది.

బేరమాడే వీల్లేని సరుకు కాబట్టే దాని ధర ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవడం అవసరం. 'ఎక్కడో యుద్ధమొచ్చింది, అందుకే పెరిగింది' అన్నది సగం నిజమే. మిగతా సగం డాలరు దగ్గరా, ప్రభుత్వాల ఖజానాల దగ్గరా ఉంది.

ఒక లీటరు... నాలుగు వాటాలు

లెక్క తేలిగ్గా అర్థం కావాలంటే ఒక తేదీని పట్టుకుందాం. 2022 మే 22. ఆ రోజు నుంచి కేంద్రం పెట్రోలు మీద ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు 8 రూపాయలు, డీజిలు మీద 6 రూపాయలు తగ్గించింది. ఆ తర్వాత ఢిల్లీలో లీటరు పెట్రోలు ధర 96 రూపాయల 72 పైసలు. అందులో చమురు కంపెనీ తీసుకున్నది రవాణా ఖర్చుతో కలిపి రూ.57.33. కేంద్రం ఎక్సైజ్ సుంకం రూ.19.90. బంకు యజమాని కమీషను రూ.3.78. ఢిల్లీ ప్రభుత్వ వ్యాట్ రూ.15.71.

అంటే, రెండు ప్రభుత్వాలకూ వెళ్లింది 35 రూపాయల 61 పైసలు. వంద రూపాయల పెట్రోలు పోయిస్తే 37 రూపాయలు పన్నే! ఇది సుంకం తగ్గించిన తర్వాతి మాట. 2021 నవంబరుకు ముందు ఒక్క ఎక్సైజ్ సుంకమే లీటరుకు దాదాపు 33 రూపాయలుండేది.

అదే రోజు హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు రూ.109.66. ఢిల్లీకీ హైదరాబాద్‌కీ దాదాపు 13 రూపాయల తేడా. చమురు అదే, కంపెనీలూ అవే. తేడా అంతా దాదాపుగా వ్యాట్‌దే. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 2024 నాటికి 35.20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఆపైన రోడ్ల అభివృద్ధి పేరిట ఒక రూపాయి సెస్సు. దేశంలో పెట్రోలు ఖరీదెక్కువ ఉన్న రాష్ట్రాల జాబితా తీస్తే మన రెండు రాష్ట్రాలూ పైవరుసలోనే కనిపిస్తూ వచ్చాయి.

వంతెన దాటితే చవక

పన్ను మహిమ ఎంతో కోనసీమ వాసులను అడిగితే చెబుతారు. ఎదుర్లంక వంతెన దాటి యానాంలో అడుగుపెడితే అదే పెట్రోలు చవక. యానాం పుదుచ్చేరి పాలనలోని ఊరు. అక్కడ వ్యాట్ తక్కువ. 2022-24 మధ్య ఆ ఊరికీ చుట్టుపక్కల ఆంధ్రా ఊళ్లకూ లీటరుకు పది రూపాయలకు పైగా తేడా ఉండేది. అందుకే పనిమీద అటు వెళ్లిన వాళ్లెవరూ ట్యాంకు నింపుకోకుండా వెనక్కి రారు. హిందూపురం వైపు లారీలు కర్ణాటక సరిహద్దు దాటాక డీజిలు పోయించుకునేదీ ఇందుకే. ఒకే గోదావరి, ఒకే గాలి, ఒకే చమురు... మారేది పన్ను మాత్రమే.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలు, డీజిలు, ముడిచమురు, సహజవాయువు, విమాన ఇంధనాలను బయటే ఉంచారు. వీటిని జీఎస్టీలోకి తెస్తే దేశమంతా ఒకే పన్ను వస్తుందని వాహనదారుల ఆశ. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం ఆ సమయం ఇంకా రాలేదని తేల్చేసింది. కారణం తెలిసిందే. సొంతంగా పన్ను వేసుకునే దారులు రాష్ట్రాలకు కొన్నే మిగిలాయి. వాటిల్లో మద్యం ఒకటి, పెట్రోలు ఒకటి.

కేంద్రానిదీ మరో కథ. 2021 నవంబరు నుంచి చూస్తే పెట్రోలు మీద మూల ఎక్సైజ్ సుంకం లీటరుకు రూ.1.40 మాత్రమే. రాష్ట్రాలకు వాటా దక్కేది అందులోనే. మిగతాదంతా ప్రత్యేక సుంకం, సెస్సుల రూపంలో కేంద్రానికే. 'కేంద్రం తగ్గించాలి' అని రాష్ట్రాలు, 'రాష్ట్రాలు తగ్గించాలి' అని కేంద్రం! 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు వ్యాట్ కూడా తగ్గించాయి. తెలుగు రాష్ట్రాలు రెండూ తగ్గించలేదు. ఇద్దరి మధ్యా నలిగింది బండివాడు.

ఇంకో సూక్ష్మం ఉంది. ఎక్సైజ్ లీటరుకు ఇంత అని ఉంటుంది. వ్యాట్ ఎక్కువగా శాతాల్లో ఉంటుంది. అంటే, ముడిచమురు ధర పెరిగితే రాష్ట్రం వేలు కదపకుండానే దాని రాబడి పెరుగుతుంది.

డాలరు కొట్టే దెబ్బ

మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే వస్తుంది. రవ్వ క్షేత్రం, కృష్ణా-గోదావరి బేసిన్, ముంబయి హై, రాజస్థాన్... అన్నీ కలిపినా మన అవసరంలో కొసరే. దిగుమతి చేసుకునే చమురుకు డాలర్లు చెల్లించాలి. ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఉంది.

2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. అప్పుడు డాలరు విలువ సుమారు 43 రూపాయలు. పీపా అంటే 159 లీటర్లు. లెక్కేస్తే లీటరు ముడిచమురు దాదాపు 40 రూపాయలు. 2024లో ముడిచమురు సగటున పీపా 80 డాలర్ల దగ్గర తిరిగింది. డాలరు మాత్రం 83 రూపాయలు దాటింది. లీటరు ముడిచమురు లెక్క సుమారు 42 రూపాయలు! డాలర్లలో ధర దాదాపు సగానికి పడిపోయింది. రూపాయల్లో చూస్తే మాత్రం పెరిగింది. 'అప్పుడు 147 డాలర్లున్నా పెట్రోలు యాభై రూపాయలే కదా' అని అడిగేవారికి జవాబులో సగం ఇదే. మిగతా సగం, అప్పట్లో ధరను ప్రభుత్వమే బిగబట్టి ఉంచడం.

ధర ఎవరు చెబుతారు?

2002 ఏప్రిల్ దాకా పెట్రో ధరలు పూర్తిగా ప్రభుత్వం చెప్పుచేతల్లోనే ఉండేవి. ఆ విధానాన్ని అప్పుడు రద్దు చేసినా పగ్గాలు మాత్రం వదల్లేదు. ముడిచమురు మండిపోతున్నా బంకులో ధర పెంచకుండా, ఆ నష్టానికి కంపెనీలకు చమురు బాండ్లు రాసిచ్చేవారు. అంటే, ఈ రోజు తాగిన కాఫీ డబ్బు పదేళ్ల తర్వాత వడ్డీతో కట్టడమన్నమాట.

2010 జూన్‌లో పెట్రోలు ధర మీద నియంత్రణ ఎత్తేశారు. 2014 అక్టోబరులో డీజిలుకూ అదే వర్తించింది. 2017 మే 1న అయిదు నగరాల్లో రోజువారీ ధర ప్రయోగం మొదలైంది. ఆ అయిదింట్లో మన విశాఖపట్నం ఒకటి. అదే ఏడాది జూన్ 16 నుంచి దేశమంతటా ఉదయం ఆరు గంటలకు కొత్త ధర పద్ధతి వచ్చింది.

కాగితం మీద ధర నిర్ణయం చమురు కంపెనీలదే. ఆచరణలో చూస్తే వేరు. 2021 నవంబరు నుంచి 2022 మార్చి 22 వరకు ముడిచమురు ఎగిసిపడుతున్నా, ఉక్రెయిన్ యుద్ధం మొదలైనా బంకు బోర్డు కదల్లేదు. ఆ మధ్యలోనే ఉత్తర్‌ప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు జరిగాయి. అవి ముగిశాక 16 రోజుల్లో 14 సార్లు పెంచారు. మొత్తం లీటరుకు 10 రూపాయలు. హైదరాబాద్‌లో పెట్రోలు రూ.119.49కి చేరింది ఆ దెబ్బతోనే.

తారాజువ్వలా పైకి... ఈకలా కిందికి

'పెరిగేటప్పుడు రాత్రికి రాత్రే పెరుగుతుంది, తగ్గేటప్పుడు ఎందుకు తగ్గదు?' ప్రతి బంకు దగ్గరా వినిపించే ప్రశ్న. ఇది మన దగ్గరే కాదు. ఆర్థికవేత్తలు దీనికి 'రాకెట్లు-ఈకలు' అని పేరు కూడా పెట్టారు. పైకి పోయేటప్పుడు తారాజువ్వ, దిగేటప్పుడు గాల్లో తేలే ఈక. మన దేశంలో ఆ ఈకను గాల్లో నిలబెట్టేది చాలాసార్లు పన్నే.

2014 జూన్‌లో పీపా 115 డాలర్లున్న ముడిచమురు 2016 జనవరికల్లా 30 డాలర్ల లోపుకొచ్చింది. ఆ సమయంలో కేంద్రం తొమ్మిది సార్లు ఎక్సైజ్ పెంచింది. పెట్రోలు మీద మొత్తం రూ.11.77, డీజిలు మీద రూ.13.47. 2020లో కరోనా లాక్‌డౌన్‌తో ప్రపంచం ఆగిపోయింది. ఏప్రిల్ 20న అమెరికా మార్కెట్‌లో చమురు ధర సున్నా కిందికి కూడా పడిపోయింది. ఇక్కడ మాత్రం మార్చి, మే నెలల్లో కలిపి పెట్రోలు మీద 13 రూపాయలు, డీజిలు మీద 16 రూపాయలు ఎక్సైజ్ వేశారు. జూన్ 7 నుంచి కంపెనీలు రోజూ కాస్తకాస్త పెంచుకుంటూ పోయాయి. అదే నెల 24న ఢిల్లీలో చరిత్రలో తొలిసారిగా డీజిలు పెట్రోలును దాటేసింది. మరుసటి ఏడాది జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు వంద రూపాయలైంది.

లాక్‌డౌన్‌లో ఖజానాకు రాబడి పడిపోయిందనీ, ఆ డబ్బు రోడ్లకూ సంక్షేమానికీ అవసరమనీ ప్రభుత్వ వాదన. అది కొట్టిపారేసేది కాదు. కానీ కారున్నవాడూ, కూలికి వెళ్లడానికి పాత మోపెడ్ నడిపేవాడూ లీటరుకు ఒకే పన్ను కడుతున్నారు. ఆదాయపు పన్నులాగా దీనికి శ్లాబులుండవు.

బండి లేనివారికీ తప్పదు

మాకు బండే లేదు, మాకేం అనుకుంటే పొరపాటు. మదనపల్లె టమాటా హైదరాబాద్ చేరాలన్నా, భీమవరం చేప కోల్‌కతా వెళ్లాలన్నా డీజిలు కావాలి. దుక్కి దున్నే ట్రాక్టరు, కోతమిషను, సముద్రంలోకెళ్లే మరపడవ అన్నీ డీజిలు తాగేవే. 2022 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ టికెట్ మీద డీజిల్ సెస్సు వేశాయి. పల్లెవెలుగు బస్సెక్కే కూలీ కూడా అలా చమురు బిల్లులో భాగస్వామి అయ్యాడు.

అందరికన్నా ముందు దెబ్బ తగిలేది బండినే నమ్ముకున్నవారికి. లీటరుకు పాతిక కిలోమీటర్లిచ్చే ఆటో రోజుకు వంద కిలోమీటర్లు తిరిగిందనుకుందాం. నాలుగు లీటర్లు. లీటరుకు పది రూపాయలు పెరిగితే రోజుకు నలభై, పాతిక రోజులకు వెయ్యి. ఆ వెయ్యీ పిల్లల ఫీజులోంచో, ఇంటి అద్దెలోంచో తీయాల్సిందే. భోజనం పార్శిళ్లు మోసే కుర్రాళ్ల పరిస్థితీ అంతే. ధర పెరిగినంత వేగంగా వారి కిరాయి పెరగదు.

మన చేతిలో ఉన్నది

గల్ఫ్‌లో యుద్ధాన్ని మనం ఆపలేం. డాలరునూ వ్యాట్‌నూ దించలేం. మనం మార్చగలిగింది ఒక్కటే. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ద్విచక్రవాహనం లీటరుకు 45 కిలోమీటర్లిస్తే 22 లీటర్లు కావాలి. అదే 55 ఇస్తే 18 చాలు. నాలుగు లీటర్లు మిగిలినట్టే. లీటరు వంద రూపాయలనుకున్నా నెలకు నాలుగు వందలు, ఏడాదికి దాదాపు అయిదు వేలు. ఏ ప్రభుత్వమూ ఒక్కసారిగా ఇంత తగ్గింపు ఇవ్వదు. దానికోసం చేయాల్సినవి ఇవీ...

ముందు లెక్క రాయండి: ట్యాంకు నిండా పోయించి మీటరులో కిలోమీటర్లు రాసుకోండి. మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి భాగించండి. అసలు మైలేజీ అదే. రెండు మూడుసార్లు అలా చూస్తే బండికి ఏదైనా జబ్బుంటే బయటపడుతుంది.

గాలి చూడండి: చాలామంది పట్టించుకోనిదీ, పైసా ఖర్చు లేనిదీ ఇదే. టైర్లలో గాలి పాతిక శాతం తగ్గితే పెట్రోలు ఖర్చు 5 నుంచి 10 శాతం పెరుగుతుందని పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ చెబుతుంది. వారం, పది రోజులకోసారి టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి.

నలభై అయిదు-యాభై అయిదు: గంటకు ఈ వేగంలో వెళ్తే మంచి మైలేజీ వస్తుందని అదే సంస్థ సలహా. వేగం రెట్టింపైతే ఎదురుగాలి అడ్డు నాలుగింతలవుతుంది. ఆ గాలిని చీల్చడానికి పోయేది మన పెట్రోలే. సిగ్నల్ పచ్చబడగానే దూకడం, వంద గజాల్లో బ్రేకు వేయడం... రెండూ నష్టమే.

క్లచ్ మీద చెయ్యి వద్దు: సగం క్లచ్ నొక్కి, వెనక బ్రేకు మీద కాలు ఆనించి నడిపే అలవాటు చాలామందికుంటుంది. ఇంజిను ఒకవైపు లాగుతుంటే మనం మరోవైపు లాగడమే అది.

సిగ్నల్ దగ్గర ఆపండి: అరనిమిషానికి మించి ఆగాల్సొస్తే ఇంజిను ఆపేయడం మేలు. మన కూడళ్లలో సెకన్లు లెక్కపెట్టే దీపాలు ఉండనే ఉన్నాయి.

పనులు కలిపి చేసుకోండి: పాలప్యాకెట్‌కు ఒకసారి, కొత్తిమీరకు ఒకసారి, మందులకు మరోసారి బండి తీస్తే ప్రతిసారీ చల్లబడ్డ ఇంజిను ఎక్కువ పెట్రోలు తాగుతుంది. ఒకే చుట్టులో మూడూ తెచ్చుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పెట్రోలుతో పాటు ఓపికా మిగులుతుంది. వీధి చివరికైతే నడక ఎలాగూ ఉంది.

సర్వీసింగు ఎగ్గొట్టొద్దు: దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, ఎండిపోయిన చైను, పట్టేసిన బ్రేకులు మైలేజీని మెల్లగా తినేస్తాయి. సర్వీసింగుకయ్యే డబ్బు మిగిల్చామని సంబరపడితే అంతకు రెండింతలు బంకులో కట్టాల్సొస్తుంది.

మైలేజీ తగ్గితే అన్నిసార్లూ తప్పు మీది కాకపోవచ్చు. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. పాత పద్ధతి ఇంజిన్లున్న కార్లలో మైలేజీ 6-7 శాతం, ద్విచక్రవాహనాల్లో 3-4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. బండి కొనేటప్పుడు అది 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు తగ్గట్టు తయారైందో లేదో అడగడం మంచిది.

నమ్మకాలు... నిజాలు

తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ వస్తుంది: బంకులో పెట్రోలు ఉండేది భూమి లోపలి ట్యాంకుల్లో. అక్కడ ఉదయానికీ మధ్యాహ్నానికీ వేడి పెద్దగా మారదు. నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

దిగుడులో న్యూట్రల్ చేస్తే ఆదా: కార్బురేటరు బండ్ల నాటి మాట. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే ఇంధనం సరఫరాను దాదాపు ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజిను తిరగడానికి కొంత ఖర్చవుతుంది. పైగా తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్‌రోడ్లలో న్యూట్రల్ అంటే ప్రాణాలతో చెలగాటం.

ప్రీమియం పెట్రోలు పోస్తే మైలేజీ పెరుగుతుంది: బండితో ఇచ్చిన పుస్తకంలో కంపెనీ అడిగితేనే అది అవసరం. అడగని ఇంజినుకు ఖరీదైన పెట్రోలు పోయడం అన్నం తిన్నాక మళ్లీ విందుకెళ్లడం లాంటిది.

నూటపది, రెండొందల పది అంటూ అంకె మారిస్తే మోసం జరగదు: అంకెతో సంబంధం లేదు. మీటరు సున్నా దగ్గర ఉందో లేదో చూడటం ముఖ్యం.

బంకులో మీ హక్కు

కొలత మీద అనుమానమొస్తే గొణుక్కుంటూ వెళ్లిపోనక్కర్లేదు. ప్రతి బంకులోనూ తూనికలు-కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. అందులో పోసి చూపించమని అడగొచ్చు. కల్తీ అనుమానముంటే ఫిల్టరు కాగితం అడగండి. దాని మీద ఒక చుక్క వేస్తే మంచి పెట్రోలు మరక లేకుండా ఆరిపోతుంది. రసీదు తీసుకోవడం, నాజిల్ ట్యాంకులో పెట్టకముందే సున్నా చూసుకోవడం అలవాటైతే సగం గొడవలుండవు.

విద్యుత్ వాహనాల మాటేమిటంటారా? రోజూ ఒకే దారిలో తిరిగేవారికీ, ఇంట్లో చార్జింగు పెట్టుకునే వీలున్నవారికీ లెక్క కుదురుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపును 2026 డిసెంబరు దాకా ప్రకటించింది కూడా. అయితే పెట్రోలు బండి బాగా నడుస్తుండగా అప్పు చేసి మరీ కొత్తది కొంటే, మిగిలే పెట్రోలు డబ్బు వాయిదాలకే సరిపోతుంది. పాతది మార్చే వేళ వచ్చినప్పుడు ఆలోచించడమే తెలివి.

ఈసారి ధర తగ్గిందనో పెరిగిందనో వార్త చదివినప్పుడు మూడు అంకెలు వెతకండి. పీపా ఎన్ని డాలర్లు, డాలరు ఎన్ని రూపాయలు, పన్ను ఎంత? ఏది మారితే బోర్డు మీద అంకె మారిందో మీకే తెలిసిపోతుంది. తెలిసిన వినియోగదారుడు అడిగే ప్రశ్నకు బదులు చెప్పడం ఏ ప్రభుత్వానికైనా కాస్త కష్టమే. అప్పటిదాకా... వచ్చే ఆదివారం బండి తీసేముందు టైర్లలో గాలి చూపించుకోండి.